కార్డ్‌లెస్ డ్రిల్లు కొనేటప్పుడు బ్యాటరీనీ వారంటీనీ ఎలా చూసుకోవాలి?

కార్డ్‌లెస్ డ్రిల్లులోని మోటారు, గేర్లు, రంధ్రం వేసే బిట్టును పట్టి ఉంచే చక్ ఒక మాదిరి జాగ్రత్తగా వాడినా ఏళ్ల తరబడి పనిచేస్తాయి. బ్యాటరీ సంగతి వేరు. అది తయారైన రోజు నుంచే, వాడినా వాడకపోయినా, కొద్దికొద్దిగా సత్తువ కోల్పోతూ ఉంటుంది. పైగా దాన్ని విడిగా కొనవలసి వస్తే, మొత్తం కిట్టు ధరలో అది ఎంత పెద్ద వాటానో అప్పుడు తెలిసివస్తుంది. అందుచేత కార్డ్‌లెస్ డ్రిల్లు కొనబోయేవారు ముందుగా బ్యాటరీని, ఆ తర్వాత దానికి పూచీపడే వారంటీ కాగితాన్ని పరిశీలించి, ఆ రెండూ తృప్తికరంగా ఉన్నాకే డ్రిల్లు చేతికి ఎలా అమరుతుందో, రంగు ఏమిటో చూడడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

విశాఖపట్నంలో ఉండేవారికి ఈ జాగ్రత్త ఇంకొంచెం ఎక్కువ అవసరం. ఈ బ్యాటరీల్లో ఉండే లిథియం అయాన్ సెల్‌కు వేడి పడదు, లోహపు కాంటాక్టులకు ఉప్పుగాలి పడదు, ఈ రెండింటికీ ఇక్కడ కొదవ లేదు. చిన వాల్తేరు, పెద జాలారిపేట వంటి సముద్రానికి దగ్గరి ప్రాంతాల్లో కిటికీ ఊచలు, గేటు బోల్టులు ఎంత త్వరగా తుప్పు పడతాయో ఆ వీధుల వారికి వేరే చెప్పనక్కరలేదు. అదే గాలి బ్యాటరీ టెర్మినళ్లకూ తగులుతుంది.

మీ గోడ ఏ రకానిది?

బ్యాటరీ ఎంతసేపు వస్తుందన్న ప్రశ్నకు జవాబు సగం బ్యాటరీలో ఉంటే, మిగతా సగం మీ గోడలో ఉంటుంది. సీతమ్మధార, ఎంవీపీ కాలనీ వంటి చోట్ల ఉన్న పాత ఇళ్లలో గోడలు ఎక్కువగా ఎర్ర ఇటుకతో కట్టినవి. తర్వాతి కాలపు నిర్మాణాల్లో ఫ్లై యాష్ ఇటుకల వాడకం బాగా పెరిగింది. పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి బూడిద దొరకడం వల్ల ఈ ప్రాంతంలో ఆ ఇటుకలు సులువుగా అందుబాటులో ఉంటాయి. ఈ రెండు రకాల గోడల్లోనూ 6, 8 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయడానికి తిరుగుతూనే దెబ్బలు కొట్టే హ్యామర్ సదుపాయం ఉన్న 18 వోల్టుల డ్రిల్లు సరిపోతుంది. కొన్ని కొత్త బహుళ అంతస్తుల భవనాల్లో మాత్రం గోడలు మొత్తం కాంక్రీటుతో పోసినవే. అటువంటి గోడలోగాని, బీము లేదా స్తంభంలోగాని సాధారణ కార్డ్‌లెస్ డ్రిల్లు పెట్టి నొక్కితే, రంధ్రం సగంలో ఉండగానే బిట్టు ఎర్రబడుతుంది, బ్యాటరీ వేడెక్కుతుంది. కాంక్రీటుకు, బిట్టును నొక్కి తగిలించే ఎస్‌డీఎస్ ప్లస్ రకం చక్ ఉండి, ఇంకా గట్టి దెబ్బలు కొడుతూ తిప్పే రోటరీ హ్యామర్ కావాలి. ఏడాదిలో ఒకటి రెండుసార్లే అవసరమైతే వైరుతో నడిచే దాన్ని అద్దెకు తెచ్చుకోవడమో, ఎలక్ట్రీషియన్‌ను పిలవడమో మేలు. చేయలేని పనికి వాడిన డ్రిల్లు బ్యాటరీని చెడగొట్టుకుంటుంది, వారంటీ అడిగేటప్పుడు అధిక భారం కింద వాడారన్న మాట కూడా పడవలసి వస్తుంది.

కర్టెన్ రాడ్లు బిగించుకోవడం, తలుపు బందుల స్క్రూలు తిప్పడం, చెక్కలో చిన్న రంధ్రాలు వేయడం వరకే మీ పని అయితే 12 వోల్టుల చిన్న డ్రిల్లు కూడా చక్కగా సరిపోతుంది. అది తేలికగా ఉంటుంది, స్టూలు ఎక్కి తల పైకి ఎత్తి పనిచేసేటప్పుడు చెయ్యి లాగదు.

బ్యాటరీ మీది సంఖ్యలను చదవడం

బ్యాటరీ మీద రెండు సంఖ్యలు ముఖ్యం. ఒకటి వోల్టులు. రెండోది యాంపియర్ అవర్లు, దుకాణాల్లో దీన్నే ఏహెచ్ అంటారు. ఈ రెండింటినీ గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి, బ్యాటరీలో ఎంత శక్తి నిల్వ ఉంటుందో చెప్పేది ఆ లెక్కే. 18 వోల్టులు, 2 ఏహెచ్ బ్యాటరీలో 36 వాట్ అవర్లు ఉంటాయి. అదే వోల్టేజీలో 4 ఏహెచ్ అయితే 72. పన్నెండు వోల్టులని అమ్మే చిన్న బ్యాటరీ నామినల్ వోల్టేజీ, అంటే వాడకంలో సగటున ఉండే వోల్టేజీ, నిజానికి 10.8 కాబట్టి, 2 ఏహెచ్‌కు అందులో ఉండేది 21.6 వాట్ అవర్లు మాత్రమే. పనిచేస్తున్నప్పుడు డ్రిల్లు సగటున 250 వాట్లు లాగుతోందని అనుకుంటే, 36 వాట్ అవర్ల బ్యాటరీ సుమారు ఎనిమిదిన్నర నిమిషాలు ఆగకుండా తిరుగుతుంది. వినడానికి తక్కువగా అనిపించినా, ఇటుక గోడలో ఒక రంధ్రానికి పట్టేది కొన్ని సెకన్లే కనుక ఇంటి పనికి అది చాలినంతే. రోజంతా అదే వృత్తిగా ఉన్నవారికి మాత్రం చాలదు.

వోల్టుల విషయంలో ఒక గందరగోళాన్ని ఇక్కడే తీర్చుకుందాం. లిథియం అయాన్ సెల్ ఒక్కొక్కటి నామినల్‌గా 3.6 వోల్టులు ఇస్తుంది, నిండా చార్జ్ అయినప్పుడు 4.2 వోల్టుల వరకు చేరుతుంది. అయిదు సెల్‌లను వరుసగా కలిపితే నామినల్ లెక్కలో 18 వోల్టులు, నిండుగా ఉన్నప్పుడు 21 వోల్టులు. బాష్, మకీటా వంటి కంపెనీలు 18 అని రాస్తాయి. డీవాల్ట్ తన బ్యాటరీల మీద 20 వోల్ట్ మ్యాక్స్ అని రాసి, భారం లేనప్పుడు కొలిస్తే వచ్చే గరిష్ఠ వోల్టేజీ అది, నామినల్ 18 మాత్రమేనని వివరణ కూడా ఇస్తుంది. కనుక 18కీ 20కీ మధ్య తేడా చూసి ఒకదాని కంటే ఇంకొకటి బలమైనదని అనుకోకూడదు.

అసలు జాగ్రత్త పడవలసింది 48, 88, 128 అని పెద్ద అక్షరాలతో అచ్చు వేసి, తక్కువ ధరకు వచ్చే పేరులేని కిట్ల విషయంలో. వీటిలో చాలావాటిని విప్పి చూస్తే కనిపించేవి ఆ అయిదు సెల్‌లే. విప్పకుండా తెలుసుకునే మార్గం కూడా ఉంది. నిండా చార్జ్ చేసిన బ్యాటరీ ప్లస్, మైనస్ టెర్మినళ్లకు మల్టీమీటరు పెడితే 21 వోల్టులకు దగ్గరగా చూపిస్తే, పైన ఏ సంఖ్య ఉన్నా అది 18 వోల్టుల బ్యాటరీయే. మల్టీమీటరు లేనివారు వీధి చివరి ఎలక్ట్రీషియన్‌ను అడిగినా ఒక్క నిమిషంలో చూసి చెబుతాడు.

ఏహెచ్ సంఖ్యలోనూ ఇదే తీరు. ఎక్కువగా వాడే 18650 రకం సెల్ 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది, దాని సామర్థ్యం 3.5 ఏహెచ్ దగ్గర ఆగిపోతుంది. కొంచెం పెద్దదైన 21700 రకంలో 4 నుంచి 5 ఏహెచ్ వరకు ఉంటుంది. అయిదే సెల్‌లు ఉన్న చిన్న బ్యాటరీ మీద 6 ఏహెచ్ అనో 10 ఏహెచ్ అనో కనిపిస్తే ఆ లెక్క కుదరదు. డాబా గార్డెన్స్‌లోని ఒక హార్డ్‌వేర్ దుకాణంలో మేకులు తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా కౌంటరు మీదే ఉంటే, దాని మీద రెండు బ్యాటరీలను ఒకదాని తర్వాత ఒకటి పెట్టించి చూశాను. మొదటిది 6 ఏహెచ్ అని రాసి ఉన్న పేరులేని కిట్టులోది, రెండోది పేరున్న కంపెనీ చేసిన 4 ఏహెచ్ బ్యాటరీ. మొదటిది రెండోదానిలో దాదాపు సగం బరువే తూగింది. 18650 సెల్ ఒక్కొక్కటి 45 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి, అయిదు జతలుగా పది సెల్‌లున్న అలాంటి 4 ఏహెచ్ ప్యాక్‌లో సెల్‌ల బరువే అర కిలోకు దగ్గరపడుతుంది. పెట్టె మీది అంకెను ఎవరైనా అచ్చు వేయించవచ్చు, బరువును మాత్రం అలా పెంచలేరు.

మన దేశంలో అమ్మే ఇలాంటి బ్యాటరీలకు భారతీయ ప్రమాణాల సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. ప్యాక్ మీద ఐఎస్ 16046 అన్న ప్రమాణ సంఖ్య, దానితో పాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయేమో చూడండి. ఆ సంస్థ విడుదల చేసిన బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్యను కొట్టి చూస్తే అది ఎవరి పేరు మీద ఉందో అక్కడికక్కడే తెలుస్తుంది. పెట్టె మీది తయారీ నెల, సంవత్సరం కూడా చదవాలి. రెండేళ్లుగా గోదాములో పడి ఉన్న కిట్టును తగ్గింపు ధరకు ఇస్తుంటే, తగ్గింపు డ్రిల్లుకు వచ్చినా వయసు బ్యాటరీకి వచ్చేసిందని గుర్తించాలి.

ఒక పెద్ద బ్యాటరీయా, రెండు చిన్నవా?

ఇంటి అవసరాలకు కొనేవారికి నేను 2 ఏహెచ్ బ్యాటరీలు రెండు ఉన్న కిట్టునే సూచిస్తాను. ఒకటి చార్జరు మీద ఉండగా ఇంకొకటి పనిలో ఉంటుంది, డ్రిల్లు బరువు కూడా తక్కువగా ఉంటుంది, రెండింటిలో ఒకటి పాడైనా పని పూర్తిగా ఆగదు. ఫాల్స్ సీలింగ్, మాడ్యులర్ కిచెన్, అల్యూమినియం కిటికీల పనివారికి లెక్క వేరు. పది సెల్‌ల 4 లేదా 5 ఏహెచ్ బ్యాటరీలో ప్రతి రెండు సెల్‌లు భారాన్ని పంచుకుంటాయి కాబట్టి, అదే పనికి ఒక్కో సెల్ మీద పడే కరెంటు సగమవుతుంది, వేడి తగ్గుతుంది, బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుంది. వారు పెద్దది ఒకటి, తల పైకెత్తి చేసే పనులకు చిన్నది ఒకటి పెట్టుకోవడం ఉత్తమం.

మోటారు బ్రష్‌లెస్ రకానిదైతే అదే బ్యాటరీతో ఎక్కువ పని జరుగుతుంది. కార్బన్ బ్రష్‌ల రాపిడి ఉండదు గనుక శక్తి వృథా తగ్గుతుంది, బ్రష్‌లు మార్చే ఖర్చు కూడా ఉండదు. ధర ఎక్కువే, కాని తరచుగా వాడేవారికి ఆ తేడా తిరిగి వస్తుంది. నెలకొకసారి డ్రిల్లు బయటికి తీసేవారు దాని కోసం అదనంగా పెట్టనక్కరలేదు, ఆ సొమ్ముతో రెండో బ్యాటరీ కొనుక్కోవడమే లాభం.

చార్జరును చాలామంది పట్టించుకోరు. దాని మీద అవుట్‌పుట్ ఎన్ని యాంపియర్లో రాసి ఉంటుంది. 5 ఏహెచ్ బ్యాటరీని 2 యాంపియర్ల చార్జరు మీద పెడితే నిండడానికి రెండున్నర గంటలకు పైగా పడుతుంది. కరెంటు కోతలు ఉండే చోట పనిచేసేవారికి ఇది చిన్న విషయం కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, బ్యాటరీ ఏ కుటుంబానికి చెందినదో కనుక్కోవడం. ఒకే కంపెనీ పేరు, ఒకే 18 వోల్టులు ఉన్నంత మాత్రాన ఒకదాని బ్యాటరీ ఇంకొకదానికి పట్టదు. బాష్ ఆకుపచ్చ రంగు గృహోపయోగ పరికరాల బ్యాటరీ, నీలం రంగు వృత్తిపరమైన పరికరాలకు సరిపోదు. మకీటా జి శ్రేణి 18 వోల్టుల బ్యాటరీ, ఆ కంపెనీదే అయిన ఎల్ఎక్స్‌టీ పరికరాలకు సరిపోదు. రేపు గ్రైండరో జిగ్ సానో తీసుకోవాలనుకుంటే, ఆ శ్రేణిలో అవి దొరుకుతున్నాయో లేదో ఇప్పుడే చూసుకుంటే అదే బ్యాటరీతో వాటినీ నడపవచ్చు, పరికరాన్ని బ్యాటరీ లేకుండా విడిగా కొనవచ్చు. దుకాణదారుని తప్పనిసరిగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "ఈ బ్యాటరీ విడిగా ఉందా? ఉంటే ఎంత?" స్పేర్ బ్యాటరీ తెప్పించలేమని ఆయన అంటే, ఎంత చవక అయినా ఆ డ్రిల్లును అక్కడే వదిలేయడం మంచిది. బ్యాటరీ పోయిన రోజున మిగతా భాగాలన్నీ బాగున్నా అది ఇనుప సామాను కిందే లెక్క.

వేడి, ఉప్పుగాలి

బ్యాటరీ ఆయుష్షును చార్జింగ్ సైకిళ్లలో చెబుతారు. సాధారణంగా లిథియం అయాన్ సెల్‌లు 300 నుంచి 500 పూర్తి సైకిళ్ల తర్వాత గమనించదగినంతగా సామర్థ్యం కోల్పోతాయి. వేడి ఈ సంఖ్యను బాగా తగ్గిస్తుంది. 40 డిగ్రీల కంటే వేడి ఉన్నచోట చార్జ్ చేయవద్దని, 50 డిగ్రీలు చేరే చోట నిల్వ ఉంచవద్దని కంపెనీల సూచనల పుస్తకాల్లో ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారులోనూ, బండి డిక్కీలోనూ ఆ యాభై దాటడానికి ఎక్కువ సేపు పట్టదు. సైటుకు వెళ్లేవారు బ్యాటరీని సంచిలో వేసుకుని నీడకు తీసుకువెళ్లడం అలవాటు చేసుకోవాలి. పని ముగిసిన వెంటనే వేడిగా ఉన్న బ్యాటరీని చార్జరుకు తగిలించకుండా, ఫ్యాను కింద అరగంట చల్లారనిచ్చి పెట్టాలి. మంచి చార్జర్లు బ్యాటరీ చల్లారేదాకా తామే ఆగుతాయి, చవక చార్జర్లలో ఈ సదుపాయం ఉండకపోవచ్చు.

పూర్తిగా అయిపోయేదాకా వాడి, ఆ తర్వాతే చార్జ్ పెట్టాలన్న నమ్మకం పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. లిథియం బ్యాటరీకి అది మేలు చేయదు. చాలా రోజులు వాడని పక్షంలో సగం చార్జ్‌తో, చల్లని పొడి చోట, డ్రిల్లు నుంచి విడదీసి ఉంచాలి. ఆరు నెలలకు ఒకసారైనా తీసి చార్జ్ చేయాలి. అలా చేయకపోతే వోల్టేజీ మరీ పడిపోయి, చార్జరు ఆ బ్యాటరీని అసలు గుర్తించకుండా పోతుంది. సర్వీస్ సెంటర్‌లో ఇది వాడకం లోపమే తప్ప తయారీ లోపం కాదంటారు. వారంటీ తిరస్కరణల్లో ఇది తరచుగా వినిపించే కారణం.

ఈ సగం చార్జ్ నియమానికి మన దగ్గర ఒక మినహాయింపు ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకిన తర్వాత నగరంలో చాలా ప్రాంతాలు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. ఊడిన తలుపులు, రేకులు బిగించుకోవలసింది సరిగ్గా అటువంటి రోజుల్లోనే. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను హెచ్చరిక వెలువడగానే ఉన్న బ్యాటరీలన్నీ నిండా చార్జ్ చేసి పెట్టుకోవాలి.

ఉప్పుగాలి నుంచి కాపాడుకోవడానికి పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. మూత ఉన్న పెట్టె, అందులో ఒకటి రెండు సిలికా జెల్ పొట్లాలు, వారానికి ఒకసారి పొడి గుడ్డతో టెర్మినళ్లు తుడవడం సరిపోతాయి. టెర్మినళ్ల మీద ఆకుపచ్చని పొర కనిపించిందంటే ఆలస్యమైనట్లే. తుప్పు, నీరు చేరడం వల్ల వచ్చిన లోపాలను వారంటీలు దాదాపు ఎప్పుడూ ఒప్పుకోవు.

వారంటీ కాగితంలో ఏమి చూడాలి

వృత్తిపరమైన డ్రిల్లులకు మన దేశంలో సాధారణంగా కనిపించే వారంటీ ఆరు నెలలు లేదా ఏడాది. కొన్ని కంపెనీలు కొన్న తర్వాత నిర్ణీత రోజుల్లోగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే గడువు పెంచుతాయి. ఈ నమోదును రేపు చూద్దాంలే అని వదిలేస్తే, చేతికి వచ్చిన నెలలు వదులుకున్నట్లే. వీలైతే దుకాణంలో ఉండగానే, డ్రిల్లు మీది సీరియల్ నంబరు చూసి నమోదు చేసుకుని, వచ్చిన ధ్రువపత్రాన్ని ఫోన్‌లో దాచుకోండి.

పెట్టె మీద ఏడాది వారంటీ అని పెద్దగా ఉన్నంత మాత్రాన అది బ్యాటరీకీ వర్తిస్తుందని అనుకోకూడదు. చాలా వారంటీ కార్డుల్లో డ్రిల్లుకు ఒక గడువు, బ్యాటరీకీ చార్జరుకూ వేరే గడువు ఉంటాయి. కొన్నింటిలో బ్యాటరీని అరిగిపోయే వస్తువుల జాబితాలో, కార్బన్ బ్రష్‌లు, బిట్లు, చక్‌ల పక్కన చేర్చేస్తారు. అలా చేర్చి ఉంటే, ఖరీదైన భాగానికి పూచీ లేని వారంటీని మీరు కొంటున్నట్లు. రెండు కిట్ల మధ్య ఊగిసలాడుతున్నప్పుడు, బ్యాటరీకి ఎక్కువ నెలల పూచీ ఉన్నదానికే నేను మొగ్గు చూపుతాను, దాని టార్క్, అంటే తిప్పే బలం, కొంచెం తక్కువైనా సరే. బ్యాటరీ సామర్థ్యం తగ్గితే ఎంత వరకు తగ్గితే మారుస్తారు, పూర్తిగా చనిపోతేనే మారుస్తారా అన్నదీ అడగాలి. చాలాచోట్ల దీనికి కాగితం మీద జవాబు ఉండదు, కాబట్టి సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి తెలుసుకోవడమే మార్గం.

వాడకం గురించిన షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంటి వాడకానికని తయారైన శ్రేణిని జీవనోపాధి పనికి వాడితే వారంటీ చెల్లదని కొన్ని కార్డుల్లో స్పష్టంగా రాస్తారు. గాజువాకలో దుకాణం పెట్టుకుని రోజుకు పది కిటికీలు బిగించే మేస్త్రి ఆ శ్రేణిని కొంటే, మొదటి ఫిర్యాదుకే చేయి దులుపుకుంటారు.

దుకాణాల్లో వినిపించే ఇంకో మాట షాపు వారంటీ. చీటీ మీద ముద్ర కొట్టి, ఏమైనా అయితే మా దగ్గరికి తీసుకురండి అంటారు. దుకాణదారుడు మంచివాడే కావచ్చు, మాట మీద నిలబడేవాడే కావచ్చు, కాని దుకాణం మారినా, ఆ సరుకు రావడం ఆగిపోయినా ఆ ముద్రకు విలువ ఉండదు. కంపెనీ ఇచ్చే వారంటీ కార్డు, దాని మీద డీలరు ముద్ర, మీ పేరుతో జీఎస్టీ బిల్లు, ఆ బిల్లులో డ్రిల్లు మోడల్, సీరియల్ నంబరు - ఇవి ఉంటేనే వారంటీ ఉన్నట్లు లెక్క. బిల్లు వద్దంటే ధర తగ్గిస్తానని ఎవరైనా అంటే, ఆ తగ్గింపుకు మీరు వారంటీని అమ్ముకుంటున్నారు.

విశాఖ రేవు పట్టణం కావడం వల్ల ఇక్కడ ఒక ప్రత్యేకమైన పరిస్థితి ఉంది. ఓడల మీద పనిచేసే బంధువులో, అమెరికాలో ఉండే పిల్లలో డ్రిల్లు సెట్టు తెచ్చి ఇవ్వడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. అమెరికాలో అమ్మే చార్జర్లు ఎక్కువగా 120 వోల్టులకే తయారైనవి. మన 230 వోల్టుల సాకెట్టుకు నేరుగా తగిలిస్తే కాలిపోతాయి. అక్కడి వారంటీ కూడా సాధారణంగా ఇక్కడ చెల్లదు. అలా వచ్చిన డ్రిల్లు అదే శ్రేణి బ్యాటరీలు ఇక్కడ దొరికేదైతే, స్థానిక చార్జరు ఒకటి కొనుక్కుని వాడుకోవడం క్షేమం.

సర్వీస్ సెంటర్ ఎక్కడుందో కొనేముందే తెలుసుకోండి. కంపెనీ వెబ్‌సైటులో విశాఖపట్నం అని ఉన్నంత మాత్రాన సరిపోదు. అక్కడ రిపేరు చేస్తారా, సరుకు తీసుకుని వేరే ఊరికి పంపుతారా అన్నది ఫోన్ చేసి అడగాలి. పంపించే పద్ధతి అయితే రానుపోను ఖర్చు ఎవరిది, బ్యాటరీ ఒక్కటే ఇవ్వవచ్చా, ఎన్ని రోజులు పడుతుంది అన్నవి కూడా తేల్చుకోవాలి. మధురవాడలో ఉండేవారికి గాజువాక దాకా వెళ్లిరావడమే సగం రోజు పని. అందులోనూ పనివారికి పనిముట్టు లేని రోజు అంటే కూలి లేని రోజు.

ఇంటికి తెచ్చిన మొదటి వారం

వారంటీ మొదటి వారంలోనే ఉపయోగపడేలా చేసుకోవచ్చు. పెట్టె విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి, సీరియల్ నంబరు అందులో కనిపించాలి. రెండు బ్యాటరీలనూ నిండా చార్జ్ చేసి, ఒకే రకం చెక్క దిమ్మలోగాని, ఒకే గోడలోగాని, కొత్త బిట్టుతో, ఒకే లోతు రంధ్రాలు వేస్తూ ఒక్కొక్కటి ఎన్ని రంధ్రాలు ఇచ్చిందో లెక్కపెట్టి రాసుకోండి. ఒకే కిట్టులోని రెండు బ్యాటరీల మధ్య పెద్ద తేడా ఉంటే వెంటనే మార్చమని అడగవచ్చు, ఆన్‌లైన్‌లో కొన్నవారికి తిరిగి పంపే గడువు ఇంకా ఉంటుంది. తేడా లేకపోయినా ఆ సంఖ్య వృథా కాదు. ఎనిమిది నెలల తర్వాత అదే పరీక్ష మళ్లీ చేసి సగానికి పడిపోయిందని చూపించగలిగితే, "తొందరగా అయిపోతోంది" అన్న మాట కంటే సర్వీస్ సెంటర్‌లో దానికి ఎక్కువ విలువ ఉంటుంది. మొద్దుబారిన బిట్టుతో ఈ పరీక్ష చేయకూడదు, తప్పు బిట్టుదైనా నింద బ్యాటరీ మీద పడుతుంది.

గాజువాకలో అల్యూమినియం పని చేసే ఒక మేస్త్రి తన బ్యాటరీలన్నింటి అడుగున మార్కరుతో ఒకటి, రెండు, మూడు అని సంఖ్యలు, కొన్న నెల, సంవత్సరం రాసి ఉంచుతాడు. చార్జరు దగ్గర గోడకు బిల్లుల నకళ్లు ప్లాస్టిక్ కవరులో మేకుకు వేలాడుతుంటాయి. ఏ బ్యాటరీ ముందుగా వేడెక్కుతోంది, దేని వారంటీ ఏ నెలతో ముగుస్తోంది అని ఆయన కుర్రవాళ్లను అడిగినా తడుముకోకుండా చెబుతారు. నాలుగైదు బ్యాటరీలు ఉన్నవారికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనిపించలేదు.

వారంటీ ఉన్నా మార్చనంటే

ముందుగా ఫిర్యాదును రాతపూర్వకంగా, ఈమెయిలులోనైనా, కంపెనీ కస్టమర్ కేర్‌కు పంపి ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. సర్వీస్ సెంటర్‌లో డ్రిల్లు ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద లోపం ఏమిటో మీ మాటల్లో రాయించి, నకలు అడగండి. తిరస్కరిస్తే కారణాన్ని కాగితం మీద ఇమ్మనండి. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, చాలా వివాదాలు ఆ దశలోనే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే చోటే కేసు వేయవచ్చు. అమ్మినవారు ఢిల్లీలో ఉన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, మీరు విశాఖలోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు, కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి. ఒక్క షరతు, డ్రిల్లును వ్యాపార లాభం కోసం కొన్నవారిని చట్టం వినియోగదారుగా గుర్తించదు. స్వయంగా పనిచేసుకుని పొట్టపోసుకోవడానికి కొన్నవారికి మాత్రం ఆ రక్షణ ఉంటుంది, కాబట్టి సొంతంగా పనిచేసుకునే వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు వెనకాడనక్కరలేదు.

ఆయుష్షు తీరిన బ్యాటరీని విప్పి కొత్త సెల్‌లు వేయిస్తామని కొందరు అంటారు. సెల్‌ల మీద వెల్డింగ్ సరిగా లేకపోయినా, వేర్వేరు సామర్థ్యాల సెల్‌లు కలిసినా అది మంటకు దారితీస్తుంది, వారంటీ ఎలాగూ పోతుంది. పాత బ్యాటరీ టెర్మినళ్ల మీద టేపు అంటించి, కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనో డీలరు దగ్గరో ఇచ్చేయండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులది. నగరపాలక సంస్థ చెత్త బండిలో తడి, పొడి చెత్తతో కలిపి మాత్రం వేయకండి. బండిలో చెత్తను నొక్కేటప్పుడు సెల్ చితికితే నిప్పు అంటుకోవచ్చు, ఆ బండి మీద పనిచేసే పారిశుద్ధ్య కార్మికులకు అందులో బ్యాటరీ ఉందన్న సంగతి తెలిసే అవకాశం ఉండదు.